తిరిగొచ్చే తాబేలుకు తీరం మిగలాలి

(మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాస పాఠం)



మా మాస్టారికి పొగడ్తలు గిట్టేవి కావు. అందుకే ఆయన గురించి రెండు ముక్కలు చెప్పి అసలు సంగతిలోకి వస్తాను. ఆయన జంతుశాస్త్రం పాఠాలు సగం తీరం మీదే జరిగేవి. పొద్దున్నే రమ్మనేవారు. పీత బొరియలో ఈనెపుల్ల దించి లోతు కొలిపించేవారు. బొరియ నోరు ఏ దిక్కుకు తిరిగి ఉందో నోటు పుస్తకంలో రాయించేవారు. ఏ ప్రాణి గురించి చెప్పినా చివర్లో ఒకటే ప్రశ్న: "ఇది ఎక్కడ బతుకుతుందిరా?" సముద్రంలో అండీ, అంటే ఊరుకునేవారు కాదు. ఏ నెలలో, ఎంత లోతున, ఎలాంటి ఇసుక మీద అని ఆరా తీసేవారు. ఆ ప్రశ్నను ఇవాళ సముద్ర తాబేలు విషయంలో అడగాలని నా ఉద్దేశం. తాబేలును కాపాడుతున్నామని మనం చెప్పుకుంటున్నాం. అది బతికే చోటును కాపాడుతున్నామా అన్నది వేరే లెక్క. ఆ లెక్క చూడబోతే మనం బాకీ పడి ఉన్నాం.

ఇసుక మీద గంటసేపు

మన ఆంధ్ర తీరానికి వచ్చే తాబేళ్లలో ఎక్కువ భాగం ఆలివ్ రిడ్లే జాతివి. భారతదేశపు సముద్రాల్లో అయిదు జాతుల తాబేళ్లు తిరుగుతాయి. వాటిలో రిడ్లేలు చిన్నవి. చిప్ప రెండడుగులకు కాస్త పైన ఉంటుంది, బరువు నలభై కిలోల దాకా తూగుతుంది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా, ముఖ్యంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆడ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డెక్కుతాయి. మగవి పుట్టిన రోజు నీళ్లలోకి వెళ్తే మళ్లీ నేల మీదకు రావడం అరుదు.

ఒడ్డెక్కిన తాబేలు అలకు దగ్గర్లో ఆగి తల ఎత్తుతుంది. ఎక్కడైనా టార్చి వెలిగినా, మనిషి కదిలినా, కుక్క అరిచినా అక్కడి నుంచే వెనక్కి తిరిగిపోతుంది. ఏ అలికిడీ లేకపోతే పోటు గీత దాటి, తడి తగ్గిన ఇసుక దాకా పాక్కుంటూ వస్తుంది. ముందు కాళ్లతో పొడి ఇసుకను పక్కకు నెడుతుంది. ఆ తర్వాతి పనంతా వెనక కాళ్లది. కుడి కాలు లోపలికి దించి, చివర మడిచి, పిడికెడు ఇసుక తీసి పక్కన పెడుతుంది. అప్పుడు ఎడమ కాలు. మళ్లీ కుడి కాలు. వెనక ఏం జరుగుతోందో దానికి కనబడదు. అయినా అడుగున్నర లోతున, మెడ సన్నగా, అడుగు వెడల్పుగా కూజాలాంటి గుంత తయారవుతుంది. అందులో వంద నుంచి నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. గుడ్లు జారేటప్పుడు మాత్రం దానికి మైకం కమ్ముతుంది, అప్పుడు దగ్గరకు వెళ్లినా కదలదు. కంటి నుంచి ధార కారుతూ ఉంటుంది. అది ఏడుపు కాదు, ఒంట్లోని ఉప్పును బయటికి పంపే గ్రంథుల పని. ఆఖరుకు ఇసుక కప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఊగిస్తూ పొట్ట భాగంతో టపటపా అదిమి, ఆనవాలు చెరిపేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. ఇదంతా గంటలోపు ముగుస్తుంది.

ఆ గంటకు కావలసినవి మూడు. చీకటి ఉండాలి. పోటు గీతకు పైన వెడల్పాటి ఇసుక ఉండాలి. అలికిడి లేకుండా ఉండాలి. ఆ తర్వాత నలభై అయిదు నుంచి యాభై అయిదు రోజుల పాటు గుడ్లను ఇసుక వేడే పొదుగుతుంది. పిల్ల ఆడదో మగదో తేల్చేది కూడా ఆ వేడే. ఇసుక చల్లగా ఉంటే మగవి ఎక్కువ, ముప్పై డిగ్రీలు దాటి వేడెక్కితే ఆడవి ఎక్కువ. మాస్టారి ప్రశ్నకు అందుకే ఒక్క ముక్కలో జవాబు లేదు. తాబేలు సముద్రంలో బతుకుతుంది, నిజమే. కానీ తాబేలు జాతి బతికేది మాత్రం ఇసుక మీద.

మన తీరం, దాని బంధువులు

ఒడిశాలోని గహీర్‌మాథ పేరు అందరూ వినే ఉంటారు. లక్షల తాబేళ్లు ఒకేసారి ఒడ్డెక్కే ఆ చోటు గురించి 1974లో శాస్త్ర ప్రపంచానికి తెలిసింది. 1994లో గంజాం జిల్లాలో రుషికుల్య నది మొగ దగ్గర ఇంకొకటి బయటపడింది. 2025 సీజన్‌లో ఒక్క రుషికుల్య తీరంలోనే ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుడ్లు పెట్టాయి. ఆ తీరపు జాలరి పల్లెల్లో ఇళ్లల్లో మాట్లాడుకునేది చాలాచోట్ల తెలుగే. రాత్రిళ్లు కాపలా కాసి, దారి తప్పిన పిల్లల్ని బుట్టల్లో సముద్రం దాకా మోసిన కుర్రాళ్లలో మనవాళ్లున్నారు. వాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో లేవు.

మన దగ్గర అలాంటి జాతరలు జరగవు. ఇక్కడ తాబేళ్లు విడివిడిగా వస్తాయి, ఒక రాత్రి ఒకటి, ఒక రాత్రి నాలుగు. అందువల్ల మన తీరం ఎవరి కంటికీ ఆనలేదు. సతీష్ భాస్కర్ అనే ఒక్క మనిషి 1970ల చివరి నుంచి దేశంలోని తాబేళ్ల తీరాలను వేల కిలోమీటర్లు నడిచి చూసి ఉండకపోతే మనకు తొలి చిట్టా కూడా ఉండేది కాదు. ఆయన 2023లో వెళ్లిపోయారు. ఆ తర్వాతి తరంలో బసుదేవ్ త్రిపాఠి, కార్తీక్ శంకర్, బి.సి. చౌదరి మన తీరాన్ని సర్వే చేసి, ఏయే చోట్ల గుడ్లు పెడుతున్నాయో 2003లో ప్రచురించారు. శ్రీకాకుళం నదీ ముఖద్వారాలు, విశాఖ, భీమిలి తీరాలు, గోదావరి డెల్టాలో హోప్ ఐలాండ్, సాక్రమెంటో ఐలాండ్... మన తీరం పొడవునా తాబేలు వాడుకునే చోట్లున్నాయి.

మనది పెద్ద తీరం కాదు కదా, నాలుగు గూళ్లు పోతే ఏమవుతుంది అని అడిగేవాళ్లుంటారు. దానికి జవాబు ఒక తాబేలే చెప్పింది. 2021లో ఒడిశాలో రెక్కకు బిళ్ల కట్టి వదిలిన ఆడ తాబేలు 2025 జనవరిలో మహారాష్ట్రలోని గుహాగర్ తీరంలో గుడ్లు పెడుతూ కనబడింది. బిళ్ల మీది అంకె చదివితే సంగతి తెలిసింది. తూర్పు తీరం తాబేలు దేశం కొస చుట్టి పడమటి ఒడ్డెక్కింది. ఈ ప్రయాణాల మధ్యలో ఉన్న తీరం మనది. పైగా అన్నీ ఒక్కచోటే గుడ్లు పెడితే ఒక తుపానుకు, ఒక కోతకు మొత్తం తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. చెదురుమదురు గూళ్లు జాతికి ధీమా.

హేచరీ చేసే పని, చేయలేని పని

గుడ్లను కాపాడటంలో మనం ఏమీ చేయలేదనడం అన్యాయం. విశాఖ తీరంలో, శ్రీకాకుళంలో, నెల్లూరులో ప్రతి సీజన్‌లోనూ అటవీ శాఖ, ట్రీ ఫౌండేషన్ లాంటి స్వచ్ఛంద సంస్థలు, వాళ్ల దగ్గర పనిచేసే జాలరి యువకులు తెల్లవారకముందే ఇసుక మీద జాడలు వెతుకుతారు. గూడు దొరికితే చేత్తో తవ్వి, గుడ్లను తిరగేయకుండా సంచిలోకి తీసి, గంటల్లోపే హేచరీకి చేరుస్తారు. అక్కడ వెదురు కంచె వేసిన ఇసుకలో తల్లి తవ్వినంత లోతునే గుంత తీసి పూడుస్తారు. పక్కన చిన్న పలక: తేదీ, గుడ్ల సంఖ్య. ఎండ ముదిరితే పైన తాటాకో, గ్రీన్ నెట్టో కప్పుతారు. కుక్కలూ నక్కలూ తినకుండా, సముద్రం కోసుకుపోకుండా ఆ గుడ్లు నిలుస్తున్నాయంటే వీళ్ల పుణ్యమే. నిద్ర మానుకుని ఆ పని చేసేవాళ్లకు ఏడాదిలో కొద్ది నెలలే జీతం. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

అయితే హేచరీ అత్యవసర వైద్యం లాంటి ఏర్పాటు. ఇంట్లో పిల్లలందరూ ఐసీయూలోనే పుడుతున్నారంటే ఆ ఇంటికి ఏదో జబ్బు చేసిందని అర్థం. గూడును పుట్టిన చోటే వదిలేసే వీలు ఏ ఏటికి ఆ ఏడు తగ్గిపోతోంది. మార్చి నెల చివర పేపర్లో ఫోటో పడుతుంది, ముఖ్య అతిథి వంగి పిల్లల్ని వదులుతూ ఉంటారు. ఇన్ని వేల పిల్లల్ని వదిలామని కింద రాస్తారు. ఆ ఫోటో వెనక రెండు సంగతులు దాగి ఉంటాయి.

మొదటిది. గూడు నుంచి బయటపడిన పిల్లకు మొదటి ఒక రోజు అంతులేని ఊపు ఉంటుంది. ఆగకుండా ఈది ఒడ్డు దగ్గరి వేటచేపలను దాటిపోవడానికి ప్రకృతి ఇచ్చిన ఊపు అది. అతిథి కారు వచ్చేదాకా టబ్బులో ఉంచితే ఆ శక్తి టబ్బు గోడలను తన్నడానికే ఖర్చవుతుంది. పిల్లల్ని వదలవలసింది అవి బయటికొచ్చిన వెంటనే, చీకట్లో. కెమెరాకు ఆ వేళ అనుకూలం కాదు, అంతే.

రెండోది ఇంకా పెద్దది. ఇవాళ వదిలిన ఆడపిల్ల పెరిగి పెద్దదై గుడ్లు పెట్టడానికి పది, పదిహేనేళ్లు పడుతుంది. వేయింట ఒకటి ఆ వయసుకు చేరుతుందని అంచనా. చేరినది భూమి అయస్కాంత క్షేత్రం ఆనవాళ్లు పట్టుకుని తాను పుట్టిన తీరపు దాపులకే తిరిగొస్తుంది. అంటే ఈ మార్చిలో వదిలిన పిల్ల 2040 ప్రాంతంలో ఈ ఒడ్డు కోసం వెతుక్కుంటుంది. అప్పటికి మూడు ప్రభుత్వాలు మారతాయి, ఇసుక మీద నాలుగు గోడలు లేస్తాయి. వదిలిన పిల్లల లెక్క మనం ఏటేటా చెప్పుకుంటున్నాం. తీరంలో ఎన్ని మీటర్ల ఇసుక మిగిలిందన్న లెక్క ఏ వార్షిక నివేదికలోనూ చెప్పుకోవడం లేదు.

వెలుతురు, గోడ, శుభ్రత

పుట్టిన తాబేలు పిల్లకు సముద్రం ఎటుందో ఎవరూ చెప్పరు. రాత్రిపూట నేల వైపు చెట్లతో, దిబ్బలతో నల్లగా ఉంటుంది. నక్షత్రాల వెలుగు పడిన నీటి వైపు ఆకాశం కాస్త తెల్లగా ఉంటుంది. పిల్ల ఆ తెలుపు వైపు పరిగెత్తుతుంది. కోట్ల ఏళ్లు ఈ సూత్రం తప్పలేదు. ఇప్పుడు బీచ్ రోడ్డు మీద నిలబెట్టిన ఎల్‌ఈడీ స్తంభం సముద్రం కంటే తెల్లగా ఉంటుంది. తెల్లవారుజామున నడిస్తే ఇసుక మీద చదువుకోవచ్చు: వేలెడు వెడల్పు జాడలు గూడు నుంచి బయల్దేరి సముద్రానికి వీపు పెట్టి, సున్నాలు చుట్టి, రోడ్డు వైపు సాగి, కాలిబాట గట్టు దగ్గర ఆగిపోతాయి. అక్కడ కాకులు కనబడతాయి.

దీనికి మందు కూడా తెలిసినదే. తాబేలు కంటికి నీలం, ఆకుపచ్చ కాంతులు బాగా తగులుతాయి. ఎరుపు, ముదురు పసుపు కాంతులు తక్కువ తగులుతాయి. దీపాన్ని కిందికి వంచి, మీద టోపీ పెట్టి, నారింజ రంగు బల్బు వేసి, గుడ్ల సీజన్‌లో అక్కర్లేనివి ఆర్పేస్తే చాలు. అమెరికాలోని ఫ్లోరిడా తీర పట్టణాలు చాలావాటిలో ఇది మునిసిపల్ చట్టం. మన విశాఖలో, కాకినాడలో ఒక సర్క్యులర్ సరిపోయే పని.

రెండోది గోడ. తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. ఆ దారిలో హార్బర్ కోసం రాళ్ల గట్టు అడ్డం వేస్తే దక్షిణం వైపు ఇసుక పేరుకుంటుంది, ఉత్తరం వైపు తీరం కోసుకుపోతుంది. విశాఖ అవుటర్ హార్బర్ కట్టినప్పటి నుంచి ఆర్కే బీచ్‌కు ఏటా ఇసుక తోడి పోయవలసి రావడం ఇందుకే. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014లో అదే బీచ్ ఎలా కోసుకుపోయిందో ఈ సభలో సగంమంది కళ్లారా చూశారు. దీనికి తోడు నదులు తెచ్చే ఒండ్రు తగ్గిపోయింది. ఆనకట్టల వెనక మట్టి ఆగిపోయి, గోదావరి డెల్టాకు చేరే ఒండ్రు కొన్ని దశాబ్దాల్లోనే సగానికి పైగా తగ్గిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. ఉప్పాడలో ఊరు సముద్రంలోకి జరుగుతోందంటే ఆశ్చర్యం లేదు. కోత మొదలైన చోట మనం గోడ కడతాం. గోడకు కొట్టిన అల ముందున్న ఇసుకను తవ్వుకుపోతుంది. గోడ వెనక రోడ్డు మిగులుతుంది, గోడ ముందు తీరం మిగలదు. ఒడ్డెక్కిన తాబేలు రాయికి తల తగిలి వెనక్కి పోతుంది. భీమిలి తీరంలో ఇసుక మీదే లేచిన కాంక్రీటు గోడను హైకోర్టు ఆదేశాలతో కూల్చవలసి వచ్చింది. కట్టేటప్పుడు అది అందరికీ కనబడుతూనే ఉంది.

మూడోది చెబితే కొందరికి కోపం రావచ్చు, అది శుభ్రత. 2020లో రుషికొండ బీచ్‌కు బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. నీటి నాణ్యత, మరుగుదొడ్లు, భద్రత వంటి 33 ప్రమాణాలు చూసి ఇచ్చే గుర్తింపు అది. ప్లాస్టిక్ ఏరడం మంచిదే. కానీ శుభ్రత పేరుతో యంత్రాలు దించి ఇసుకను జల్లెడ పడితే గూళ్లు అణిగిపోతాయి, చక్రాల గాడుల్లో పిల్లలు ఇరుక్కుంటాయి. ఇసుకను పట్టి నిలిపేది ఊదాపూల బలబండి తీగ, రావణాసురుడి మీసాలని పిలిచే ముళ్ల గడ్డి. వాటిని చెత్తతోపాటు పీకేస్తే దిబ్బ నిలవదు. దిబ్బ పోయాక గాలికి ఇసుక రోడ్డెక్కుతుంది, అప్పుడు దాన్ని ఊడ్చడానికి ఇంకో టెండరు. సైకత శిల్పాలు, డీజేలు, బగ్గీలు, రాత్రి పార్టీలు వచ్చాక తిండి మిగులు వస్తుంది. మిగులుకు కుక్కలు వస్తాయి. పర్యాటకులు లేని రాత్రి ఆ కుక్కలు గూళ్లు తవ్వుతాయి. పర్యాటకం తాబేలును నేరుగా చంపదు, చంపేవాళ్లను పోషిస్తుంది.

పచ్చదనం పేరుతో చేసినదీ ఇక్కడే చెప్పాలి. ఉప్పెనల భయంతో తీరమంతా సరుగుడు నాటాం. ఊళ్ల దగ్గర అది మంచి కాపు. పోటు గీతకు ఆనించి నాటిన చోట మాత్రం గుడ్లు పెట్టే ఇసుక సన్నబడిపోయింది. చెట్టు నాటడం ఎక్కడైనా మంచిదేననే మాట తీరానికి వర్తించదు.

చట్టం ఎంత దూరం జరిగింది

1981 నవంబరులో ప్రధాని ఇందిరా గాంధీ తీర రాష్ట్రాల ముఖ్యమంత్రులకు ఉత్తరం రాశారు. పోటు గీత నుంచి 500 మీటర్ల దాకా కట్టడాలు రాకూడదని ఆ ఉత్తరం సారాంశం. పదేళ్లకు, 1991 ఫిబ్రవరి 19న, తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ వచ్చింది. అది వచ్చింది మొదలు సవరణలే సవరణలు. దాదాపు పాతిక సార్లు మార్చాక 2011లో కొత్తది తెచ్చారు. 2019లో ఇంకో కొత్తది. ఊళ్లలో కట్టడాలు నిషేధించిన 200 మీటర్ల పట్టీ, చదరపు కిలోమీటరుకు 2,161 మందికి మించి జనం ఉన్న పల్లెల్లో 50 మీటర్లకు దిగింది. ఇసుక మీద పోటు గీతకు పది మీటర్ల దూరంలో తాత్కాలిక పర్యాటక షెడ్లకూ దారి దొరికింది. ఇవన్నీ కాగితం మీద చిన్న అంకెలు. తీరం మీద మాత్రం తాబేలు గూడు కట్టేది సరిగ్గా ఆ మొదటి యాభై మీటర్లలోనే.

అదే నోటిఫికేషన్‌లో మనకు పనికొచ్చే మాటా ఉంది. తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, మడ అడవులు, ఇసుక దిబ్బలు అత్యంత సున్నితమైన మొదటి తరగతి కిందికి వస్తాయి. తాబేలు ఎలాగూ 1972 వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలు జీవి, పులికి ఉన్నంత రక్షణ దానికీ ఉంది. అయితే గుడ్లు పెట్టే చోటని పటంలో గుర్తిస్తేనే ఆ మొదటి తరగతి రక్షణ వర్తిస్తుంది. గుర్తించాలంటే ఏటేటా సర్వే ఉండాలి. సర్వే లేని చోట పటంలో తాబేలు ఉండదు. పటంలో తాబేలు లేని చోట రిసార్టుకు అభ్యంతరం ఉండదు. రామాయపట్నం, మచిలీపట్నం, మూలపేటల్లో రేవులు లేస్తున్నాయి, భోగాపురంలో విమానాశ్రయం లేస్తోంది, విశాఖ నుంచి అటు సాగే తీర రహదారి గురించి ఏ ప్రభుత్వం వచ్చినా మాట్లాడుతుంది. రేవు వద్దని, విమానం వద్దని నేననను. ఎక్కడ కట్టకూడదో తేల్చుకోకుండా ఎక్కడ కట్టాలో తేల్చుతున్నాం, నా ఫిర్యాదు అది.

నేరం ఎవరిది, శిక్ష ఎవరికి

జాలరి పెద్దల సమక్షంలో ఈ మాట చెప్పడానికి సంతోషిస్తున్నాను. తాబేళ్ల చావులో సముద్రం మీద జరిగేది ఎక్కువ. 2025 జనవరిలో చెన్నై చుట్టుపక్కల తీరంలో వెయ్యికి పైగా కళేబరాలు కొట్టుకొచ్చాయి. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాలు వల గంటల తరబడి అడుగున లాగుతుంటే అందులో చిక్కి పైకి రాలేక ఊపిరాడక చచ్చిపోతుంది. మన రాష్ట్రంలో ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని నిబంధన. ఏ ఫిబ్రవరి రాత్రయినా తీరం మీద నిలబడి లైట్లు లెక్కపెడితే ఆ నిబంధన ఎలా అమలవుతోందో తెలుస్తుంది. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. అది చేపల సంతానానికి పెట్టిన గడువు. తాబేళ్లు ఒడ్డు దగ్గర గుమిగూడేది అంతకు ముందు మూడు నెలలు. తాబేలుకు అక్కరకొచ్చే సమయంలో దానికి విరామం లేదు.

వల నుంచి తాబేలును బయటికి పంపే ఇనుప జాలీ, టెడ్ అనేది ఉంది. చేప, రొయ్య సందుల్లోంచి వెనక సంచిలోకి పోతాయి, తాబేలు కడ్డీలకు తగిలి పై కిటికీలోంచి బయటపడుతుంది. మన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ (సీఐఎఫ్‌టీ) మన వలలకు తగ్గట్టు దాన్ని తయారుచేసింది. ఈ జాలీ గురించే 1990ల్లో అమెరికా రొయ్యల దిగుమతి ఆపితే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 1998లో వచ్చిన తీర్పు అమలు తీరును తప్పు పట్టింది గానీ తాబేలును కాపాడాలన్న ఉద్దేశాన్ని కాదనలేదు. 2019 నుంచి మన సముద్రంలో పట్టిన రొయ్యను అమెరికా మళ్లీ ఆపేసింది. అక్కడికి వెళ్తున్నది మన చెరువు రొయ్య. నష్టం మాత్రం సముద్రం మీద బతికేవాడికి.

ఇక్కడే అన్యాయం చూడండి. తాబేలు పేరు చెప్పి అధికారులు ముందు పట్టుకునేది జాలరినే. తెప్ప వేసుకుని ఒడ్డు దగ్గర వల విసిరేవాడు కంటికి కనబడతాడు, కేసుకు దొరుకుతాడు. ఒడిశాలో నది మొగల దగ్గర ఏడు నెలల నిషేధం పెట్టారు. తాబేళ్లకు మేలు జరిగింది, చిన్న జాలరి కుటుంబాలు ఆకలి చూశాయి. మన దగ్గర నిషేధ కాలపు భృతిని 2025లో 20 వేల రూపాయలకు పెంచారు, మంచిదే. కానీ తీరంలో ఇసుక మీదికి జరిగిన హోటలు గోడకు నిషేధ కాలమంటూ లేదు. రాత్రంతా వెలిగే దాని దీపాలకు కేసు లేదు.

నిజానికి తాబేలుకు ఏ తీరం కావాలో జాలరికీ అదే కావాలి. తెప్ప లాగడానికి, వల ఆరబెట్టడానికి, చేప ఎండబెట్టడానికి వెడల్పాటి ఇసుక కావాలి. గోడా, కంచే, టికెట్టూ లేని ఒడ్డు కావాలి. ట్రాలు బోటు ఒడ్డు దగ్గరకొస్తే తాబేలూ చస్తుంది, చిన్న జాలరి చేపలూ పోతాయి. శ్రీకూర్మంలో కూర్మనాథుడికి మొక్కే ఈ తీరంలో తాబేలు మీద పగ ఎవరికీ లేదు. పర్యావరణవాదులు ఇన్నాళ్లూ అధికారుల వైపు నిలబడి జాలరికి నీతులు చెప్పారు. వాళ్లు నిలబడవలసింది జాలరి పక్కన, తీరం అమ్మకానికి ఎదురుగా. ఈ పొత్తు కుదరనంత కాలం తాబేలు ఫోటోల్లోనే బతుకుతుంది.

పర్యాటకం అంటే ఇదొక్కటేనా

పర్యాటకులు రావద్దని కాదు. ఎలా వస్తారన్నదే ప్రశ్న. గ్రీసు దేశంలో జాకింథోస్ దీవి లగానాస్ తీరంలో లాగర్‌హెడ్ తాబేళ్లు గుడ్లు పెడతాయి. గొడుగులు, మోపెడ్లు, పడవలు తీరాన్ని ముంచెత్తాక 1999లో జాతీయ సముద్ర పార్కు పెట్టారు. అయినా రక్షణ చాలలేదని 2002లో యూరోపియన్ న్యాయస్థానం గ్రీసునే తప్పు పట్టింది. కోస్టారికాలోని ఒస్టియోనాల్‌లో 2015 సెప్టెంబరులో పర్యాటకులు ఎగబడి, పిల్లల్ని తాబేళ్ల మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసుకుంటే, తాబేళ్లు గుడ్లు పెట్టకుండానే తిరిగిపోయాయి. అదే దేశంలో టోర్టుగెరోలో ఒకప్పుడు తాబేళ్లను వేటాడిన ఊరే, తాబేళ్ల శాస్త్రవేత్త ఆర్చీ కార్ పరిశోధన తర్వాత, రాత్రి నడకలకు దారి చూపే గైడ్ల ఊరుగా మారింది. అంత దూరం ఎందుకు, మహారాష్ట్ర కొంకణంలోని వేళాస్ పల్లెలో పిల్లలు గూళ్లలోంచి బయటపడే రోజుల్లో జనం వచ్చి చూస్తారు. బస పల్లె ఇళ్లలో, భోజనం ఇంటి ఆడవాళ్లు వండినది.  పర్యాటకం డబ్బు ఎవరి చేతికి వెళ్తుందన్నదాన్ని బట్టి తీరం మిగలడమో పోవడమో తేలుతుంది.

చేయవలసినవి

పెద్ద మాటలు అక్కర్లేదు. మన తీరానికి నాకు తోచినవి చెబుతాను. జనవరి నుంచి మే దాకా సముద్రం వైపు కనబడే ప్రతి దీపాన్ని, వీధిదైనా హోటలుదైనా, వంచాలి లేదా ఆర్పాలి. ఆ నెలల్లో రాత్రిపూట ఇసుక మీద బండ్లు, డీజేలు, యంత్రాల ఊడ్పు ఆపాలి. ట్రాలర్ల 8 కిలోమీటర్ల గీతను ఫిబ్రవరి, మార్చి నెలల్లో గట్టిగా కాపలా కాయాలి. టెడ్ బిగించే ఖర్చు ప్రభుత్వం భరించాలి. తాబేళ్లు కాసే కుర్రాళ్లకు ఏడాది పొడవునా జీతం ఇవ్వాలి. కోత ఉన్న చోట గోడ కట్టే ముందు, ఇసుక ఎందుకు ఆగిపోయిందో తేల్చాలి. అతిథుల కోసం పిల్లల్ని ఆపే ఆచారాన్ని మానాలి.

వీటన్నిటికీ మొదటి మెట్టు పటం. గూడు ఎక్కడుందో చెప్పే కాగితం లేకపోతే కోర్టులోనూ, ప్రజాభిప్రాయ సేకరణలోనూ మన నోరు లేవదు. స్మారక సమితివారికి నా మనవి ఇది. వచ్చే ఏటి నుంచి ఈ సభకు పెట్టే ఖర్చులో సగం కోసి, జనవరిలో కాలేజీ విద్యార్థులనూ జాలరి యువకులనూ జతలుగా తీరం మీదకు పంపండి. ఒకరు జాడ గుర్తిస్తారు, ఒకరు రాస్తారు. సీజన్ ముగిసేసరికి పల్లె పల్లెకూ ఒక పటం తయారవుతుంది. దాని నకళ్లు పంచాయతీకి, జిల్లా కలెక్టరుకు, తీర నియంత్రణ అధికార సంస్థకు సంతకాలతో ఇద్దాం. తీర పటాలు మళ్లీ సవరించే రోజు వస్తుంది. ఆ రోజు రిసార్టు తరఫున కన్సల్టెంటు తెచ్చిన కాగితం ఒక్కటే బల్ల మీద ఉండకూడదు. మన కాగితం కూడా ఉండాలి, తేదీలతో, అంకెలతో, దాన్ని రాసిన జాలరి పిల్లల పేర్లతో.